రేడియోలో పలికిన గొంతు

మెక్సికోని ఆనుకున్న అరిజోనా సరిహద్దు ఊళ్లో, షెరీఫ్ బల్ల మీద తను వండి అమ్మే మొక్కజొన్న కుడుములు, తమాలెల బుట్ట దించి ఆమె నిలబడింది.

"మా అబ్బాయి ఎఫ్రాయిన్ ట్రక్కును నిన్న తుపాకులతో ఆపిందెవరు, షెరీఫ్ గారూ?"

"సరిహద్దు కాపలా అంటూ తిరిగే గుంపు, సెన్యోరా. వాళ్లకీ మాకూ సంబంధం లేదు."

"మరి వాళ్ల నడుముకి మీ రేడియో ఎందుకుంది?"

"ఎవరన్నారు?"

"చేతులు కట్టేస్తే నేలమీద బోర్లా పడున్న నా కొడుకు. 'వాడు తమాలెలావిడ కొడుకు, వదిలెయ్యండి' అని అందులోంచి వినబడిందట. రోజూ పొద్దున్నే నా కొట్లో బేరమాడే మీ గొంతుని వాడు గుర్తుపట్టడా?"

"వదిలించాను కదమ్మా! ఇంకా ఎందుకీ కేకలు?"

"ట్రక్కులో ఇద్దరు కూలీలు కూడా ఉన్నారు. వాళ్లింకా ఇంటికి రాలేదు. వాళ్ల తల్లులు నీకు తమాలెలు అమ్మలేదనా?"

షెరీఫ్ బుట్టని ఆమె వైపు తోశాడు.

"రేడియో తియ్యి. ఆ ఇద్దరి కోసమూ మళ్లీ చెప్పు. నేనిక్కడే నిలబడి వింటాను."