గోడ వైపు తిప్పిన చార్టు

అధ్యక్షులు పాస్టర్ జోసఫ్ గారికి, ముందు వరసలోని పెద్దలకి, వెనక సమోసాల ట్రే దగ్గర్నుంచి కదలని నా స్నేహితులకి, మెడలో రిటైర్మెంట్ దండతో నన్ను ఉరిమి చూస్తున్న మా దీనమ్మక్కకి వందనాలు. రెండే ముక్కలు మాట్లాడమని అక్క చెప్పింది గానీ, నేను మాటివ్వలేదు. (నవ్వులు)

ఇర్వింగ్‌లో మన పిల్లలు చదివిన ఎలిమెంటరీ స్కూల్లో అక్క నర్సు. అక్క గది గోడకి నూరేళ్ళ కిందటి ఫోటో ఒకటి ఉండేది. క్షయ రాకూడదని చలిలో దుప్పట్లు కప్పుకుని ఆరుబయట పాఠం వింటున్న పిల్లలు. పొరపాటున "ఏంటక్కా ఇది?" అన్నామా, అయిపోయాం. ఆ రోజుల్లో మనం వలసొచ్చిన ఈ దేశంలో డాక్టరు బడికొచ్చి, తలలో పేలున్నాయనో కళ్ళు ఎర్రబడ్డాయనో పిల్లల్ని ఇంటికి పంపేసేవాడని, తర్వాత పట్టించుకునే దిక్కుండేది కాదని, నర్సుల్ని పెట్టాక వాళ్ళే ఇళ్ళకెళ్ళి మందు రాసి మళ్ళీ బడికి తెచ్చారని మొదలుపెట్టి, పిల్లలందరిచేతా ఒకేసారి పళ్ళు తోమించే డ్రిల్లు దాకా వచ్చేసరికి, మనం జ్వరమొచ్చిన పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చామన్న సంగతి మనకే గుర్తుండేది కాదు.

మా ఆయన ఇమ్మాన్యుయేల్ గారు ఆ మూల కూర్చున్నారు. తల దించుకోకండి, అందరికీ తెలిసిందే. మా ఎలీనా ఫస్ట్ గ్రేడ్‌లో ఉండగా, కళ్ళ టెస్ట్ పెడతామని స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. టెస్ట్ అంటే గుంటూరు తండ్రి ఊరుకుంటాడా? తల్లిదండ్రులు బడి చూసే ఓపెన్ హౌస్ రోజున ఆ అక్షరాల చార్టుని ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి, రోజూ ఇడ్లీ తినిపిస్తూ పిల్లచేత వల్లె వేయించారు.

టెస్ట్‌లో పిల్ల గడగడా చదివేసింది. అక్కకి అనుమానమొచ్చి చార్టుని గోడ వైపు తిప్పేసింది. పిల్ల ఆగలేదు. అడుగున అచ్చువేసిన కంపెనీ పేరు, ఫోన్ నంబరుతో సహా అప్పజెప్పింది. (నవ్వులు)

ఆ సాయంత్రమే అక్క మా ఇంటికొచ్చింది. ఈయన తలుపు తీసి అడిగిన మొదటి మాట, "ఎన్నో ర్యాంకండీ?"

"నీ కూతురికి బోర్డే కనబడట్లేదు తమ్ముడూ. కార్ తియ్యి, కళ్ళ డాక్టర్ దగ్గరికి పోదాం" అంది అక్క.

కళ్ళద్దాలు వచ్చాక ఆదివారం, ఇదే హాల్లో, వెనక వరసలోంచి మా పిల్ల లేచి నిలబడి, "మమ్మీ, పాస్టర్ అంకుల్‌కి మీసం ఉంది" అంది. పాస్టర్ గారూ, ప్రసంగం మధ్యలో మీరు మీసం తడుముకోవడం నేను చూశానండీ. (నవ్వులు) అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అన్నాళ్ళూ వాకిట్లో నేను చెయ్యి ఊపుతుంటే, బస్సులోంచి నా బిడ్డకి నేను కనపడనే లేదు.

ఇప్పుడు అక్క స్థానంలో ఎవర్నీ వెయ్యరట. వారానికోరోజు ఎవరో వచ్చి చూసి వెళ్తారట. మిగతా రోజులు గదికి తాళం. నాకు ఒళ్ళు మండుతోంది. నూరేళ్ళ కిందట తెలుసుకున్నది మళ్ళీ మొదట్నుంచి తెలుసుకోవాలా? సోమవారం స్కూల్ బోర్డు మీటింగ్‌కి మీరందరూ రావాలి. "మా స్కూల్‌కి రోజూ నర్సు కావాలి" అని మీచేత ఇంగ్లీషులో బట్టీ పట్టిస్తానని మా ఆయన ఉత్సాహపడుతున్నారు. ఈ ఒక్కసారికి పట్టండి. బోర్డువాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చున్నా సరే, ఆపకండి.

విన్నందుకు మీకు, నా పిల్లని చూసినందుకు అక్కకి వందనాలు. ఇక నాకు సెలవు.