బతికుండే దాతకు సంతాపం

కూసోండన్నా, ముందు కూసోండి. అరిచేది కూసోని కూడా అరవచ్చు కదా? ఆత్మకూరు నుంచి కర్నూలు దాకా ఈ ఎండలో బస్సులో నిలబడే వచ్చినట్లుండారు. ఇదో, నీళ్లు తాగండి.

నేనేం జేయాలన్నా! అంతా ఆ కంప్యూటర్‌తోనే వచ్చింది. నేను రాస్తానా అట్ల? "కీర్తిశేషులు ఓబుళేశు గారి కుటుంబానికి మా ప్రగాఢ సంతాపం" అని, బతికుండే మనిషికి?

ఆఁ, సంతకం నాదే. స్వర్ణలత అని నేనే పెట్టినా. నూటనలభై ఉత్తరాలు ముందరుంటే చదవకుండా గీకేసినా. అది నా తప్పే, కాదంటానా?

ఏందీ, కవరు వదిన విప్పిందా? అయ్యో! చదివి, ఎదురుగా సంకటి తింటాండే మిమ్మల్ని చూసి, మళ్లా చదివిందా?

నవ్వలేదన్నా. దగ్గు. దగ్గొచ్చింది.

నా పాత పద్ధతి మీకు తెలుసు కదా. పెండ్లిపత్రికల వెనకాల, మందుల చీటీల వెనకాల, యాడ చూసినా దాతల నంబర్లే. ఒక తూరి నంద్యాల డాక్టరమ్మకు ఒకేరోజు మూడు తూర్లు ఫోన్ చేసి, మూడు తూర్లూ "మేడమ్, మీతో మాట్లాడి శానా రోజులాయె" అన్నా. మూడో తూరికి ఆయమ్మ, "నీకు ఒంట్లో బాగుండాదా తల్లీ?" అని అడిగింది!

అందుకే మా కార్యదర్శి ఆనందం సారు నన్ను కడపకు పంపిచ్చినాడు, రెండ్రోజుల ట్రైనింగుకు. దాతల పేర్లు కంప్యూటర్లో వరసగా ఎట్ల పెట్టుకోవాలని నేర్పినారు. ఏటా ఇచ్చేవాళ్లకు పచ్చరంగు. గుర్తుచేయాల్సినోళ్లకు పసుపు. పోయినోళ్లకు బూడిదరంగు. ఏ రోజు ఎవరికి ఫోన్ చేయాలో పొద్దున్నే కంప్యూటరే చెప్తాది.

ఎంత బాగుండెనో! బల్ల మీద ఒక్క చీటీ లేదు. అమ్మానాయనలు సుగ్గికని, కూలికి వలసపోయి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి పోతే, ఆ పిల్లోళ్లు మా హాస్టల్లోనే కదా ఉండేది? పోయినేడు యాభైమంది. ఈ ఏడు ఎనభై. ఈ పద్ధతి లేకుంటే అంతమందికి అన్నం పెట్టేవాళ్లమా?

మరి మీ పేరు ఎట్ల తప్పిందంటారా?

అది ఏమైతాదంటే అన్నా... ఈ గడిలోది పోయి ఆ గడిలో...

అట్ల చూడొద్దన్నా.

సరే. కంప్యూటర్ కాదు. నేనే.

పదకొండేండ్లు ఇచ్చినారు మీరు. జూన్ వస్తే నోటుపుస్తకాల కట్టలు మీరే మోసుకొచ్చేవాళ్లు. రెండేండ్ల కింద నేను ఫోన్ చేస్తే ఏమన్నారో గుర్తుండాదా? "ధర లేక ఉల్లిగడ్డలు పొలంలోనే దున్నేసినా తల్లీ. ఈ తూరికి నన్ను అడగొద్దు" అన్నారు. నేను సరేనని ఫోన్ పెట్టేసినా. మళ్లా ఆ మనిషిని అడిగే నోరు నాకు లేదనుకున్నా.

కంప్యూటర్‌కు అవన్నీ ఏం తెలుసు? సోమవారమైతే చాలు, "ఓబుళేశు గారికి ఫోన్ చేయండి" అంటాది. ఆనందం సారేమో మీటింగులో, "ఏమ్మా, ఓబుళేశు ఇంకా పసుపులోనే ఉండాడే?" అంటాడు. ఏం చెప్పను? మీ కష్టం నలుగురి ముందర చెప్పేదా? మీరు నాకొక్కదానికే కదా చెప్పింది!

పసుపులో ఉంచితే అడుగుతారు. తీసేస్తే ఎందుకు తీసినావంటారు. బూడిదరంగులో పెడితే మాత్రం ఎవరూ ఏమీ అడగరన్నా. "అయ్యో పాపం" అని కిందిపేరుకు పోతారు.

అందుకని... ఒక సోమవారం పొద్దున... మిమ్మల్ని చంపేసినా.

పోయినోళ్ల ఇండ్లకు ఏటా సంతాపం ఉత్తరం పోవాలని ఏర్పాటు చేసింది కూడా నేనే. మతికి రాలేదు.

నవ్వుతాండారా? నిజంగానే? హమ్మయ్య! ఇంకొంచెం నవ్వండి, నాకు ఊపిరి ఆడతాండాది. వదినకు నేనే ఫోన్ చేసి తప్పయిందని చెప్తా. ఆనందం సారుకూ నేనే చెప్తా. పనిలోంచి తీసేస్తే తీసేయనీ, ఏం జేస్తాం.

లేయొద్దన్నా, ఇంకొక మాట.

మీరొక్కరే కాదు. అడిగేదానికి నాకు నోరు రాని వాళ్లు ఇంకా ఆరుమంది ఉండారు. విశ్వాసమ్మ టీచరు, కొడుకు ఆపరేషన్‌కు ఇల్లు అమ్ముకునింది. రాజంపేట నాగన్న తాత, కండ్లు సరిగ్గా కనపడక అంగడి మూసేసినాడు. అందర్నీ ఆ సోమవారమే... ఉత్తరాలన్నీ కూడా ఒకేరోజు పోస్టుకు పోయినాయి.

ఎవరో మెట్లెక్కుతాండారు. చేతికట్టె చప్పుడు. తాతే!

ఆ కుర్చీ కొంచెం ఇట్ల జరపండన్నా. ఈ తూరి నిజం మొదట్లోనే చెప్పేస్తా.