విమానం ఫిల్ముతో తీసిన కొండ

ఫోటోల బాబాయి ఏం చెప్పినా మేం సగానికి సగం తీసేసి వింటాం. స్టూడియో మూసేసి ఆరేళ్ళయినా రోజూ మధ్యాహ్నం టీ కొట్టు బెంచీ మీద చేరి, గ్లాసు చల్లారిపోయేదాకా పట్టుకుని కోతలు కోస్తూనే ఉంటాడు. కొట్టు నడిపే అక్కకి, పక్కనే కుట్టు మిషను పెట్టుకున్న నాకు అవన్నీ కంఠతా వచ్చు. ఆ రోజు మాత్రం బెంచీ చివర కొత్త మనిషొకడు ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. ఎక్కాల్సిన బస్సు తప్పిపోయి, తర్వాతి దాని కోసం కూర్చున్నాడు. కొత్త చెవులు దొరికితే బాబాయి ఊరుకుంటాడా.

"ఈ ఫోనుల్లో తీసేవి ఫోటోలా బాబూ" అని మొదలుపెట్టాడు. "నేను విమానం ఫిల్ముతో తీసినవాణ్ణి. నమ్మవు కదూ. విమానంలోంచి నేల ఫోటోలు తీసే సర్వే ఆఫీసొకటి ఉండేది, మా బావమరిది అక్కడ స్టోరు చూసేవాడు. గడువు దాటిన కలర్ ఫిల్ము చుట్ట పారేస్తుంటే రేకు డబ్బాతో సహా తెచ్చి నా చేతిలో పెట్టాడు. జానెడు వెడల్పు, విప్పితే ఈ వీధి చివరిదాకా వస్తుంది. అది నా కెమెరాలో ఎక్కడ పడుతుంది? చెక్కకి గడ్డం బ్లేడ్లు బిగించాను. స్నానాల గది తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, కటిక చీకట్లో, చేత్తో తడుముకుంటూ మూడు వేళ్ళ వెడల్పు పీలికలుగా కోశాను. పాత రీళ్ళ నల్ల కాగితాలు దాచుకున్నవి ఉంటే వాటికి అంటించి చుట్టాను. రెండు వేళ్ళు తెగాయి. చీకట్లో రక్తం కనబడదు, తడి తగిలితే తెలిసిందంతే."

ఇంతవరకూ నిజమే. ఆ వేళ్ళ మీద గాట్లు మేం చూశాం.

"రంగులు బాగా వచ్చాయా అన్నా?" అంది అక్క, తెలిసి తెలిసే.

"మొదట మొహాలన్నీ నాచు పట్టినట్టు పచ్చగా వచ్చాయి చెల్లెమ్మా. ఫిల్ము కడిగే మందునీళ్ళు మార్చి మార్చి దారికి తెచ్చాను. ఇక చూడు. మైళ్ళ ఎత్తునుంచి, పొగమంచులోంచి నేలని పట్టుకోడానికి చేసిన ఫిల్మది. దాన్ని తెచ్చి మనిషి ముందు పెడితే ఏమవుతుంది? మూడొందల మందిని నిలబెట్టి గ్రూప్ ఫోటో తీశాను, చిట్టచివరి వరసలో వాడి చేతి గడియారంలో టైము చదివేయొచ్చు."

"సరే" అన్నాను.

"గడియారం ఓ లెక్కా. హెడ్మాస్టర్ని తీశాను, కోటు గుండీలన్నీ పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. కడిగి చూస్తే కోటు లోపలి జేబులో ఉత్తరం, దాని మీద చిరునామాతో సహా కనిపిస్తోంది."

"ఎవరి చిరునామా?" అంది అక్క.

"అది చెప్తే ఆయన కాపురం కూలిపోతుంది, వదిలెయ్. తర్వాత ఓ ఆవిడ పాస్‌పోర్టు ఫోటోకి వచ్చింది. కడుపునొప్పి, ఆరు నెలలుగా ఏ డాక్టరూ పట్టుకోలేకపోయాడు. ఫోటోలో నేను పట్టుకున్నాను. బఠాణీ గింజంత రాయి."

"పాస్‌పోర్టు ఫోటో భుజాల దాకానే కదా బాబాయ్" అన్నాను.

"ఆవిడ పొట్టి మనిషిలే. అడ్డు రాకు. అసలు సంగతి కొండ." బాబాయి కాస్త ముందుకి వంగాడు. "రాతి గని కంపెనీలో కార్మికుల గుర్తింపు కార్డుల ఫోటోలు నేనే తీసేవాణ్ణి. ఓ పొద్దున గని కప్పు కూలిందని కబురొచ్చింది. లోపల ఏడుగురు. పైనుంచి కన్నం వేసి వాళ్ళని చేరుకోవాలి, ఎక్కడ వెయ్యాలో తెలీదు. పాత సొరంగాల మ్యాపు ఎవరి దగ్గరా సరిగ్గా లేదు. రెండు రోజులు గడిచాయి. గేటు దగ్గర ఆడవాళ్ళు ఏడ్చే ఓపిక కూడా అయిపోయి కూర్చున్నారు. నేను మేనేజరు గదిలోకి వెళ్ళి, సార్, నా దగ్గర విమానం ఫిల్ముంది, నేల కడుపులో ఏముందో చెబుతుంది అన్నాను. ఎదుటి గట్టెక్కి కొండని తీసి గంటలో కడిగి తెచ్చాను. ఏం కనిపించిందో తెలుసా?"

బాబాయి బెంచీ మీద అరచేత్తో చరిచాడు.

"ఏడుగురూ కనిపించారు. నిప్పుకణికల్లా ఎర్రగా, వరసగా కూర్చుని ఉన్నారు. ఒకడు సీసా మూతతో మిగతావాళ్ళకి నీళ్ళు పోస్తున్నాడు, ఆ మూత కూడా తెలుస్తోంది. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించాను. మేనేజరు ఇంకెవరి మాటా వినకుండా కన్నం వేసే మిషన్ని అటు తిప్పించాడు. కన్నం సరిగ్గా వాళ్ళ నడిమధ్య దిగింది, ఒక్కడి తలకీ తగల్లేదు. ఏడుగుర్నీ బుట్టలో పైకి లాగాం. మొదటివాడు కళ్ళు నులుముకుని, ఫోటోగ్రాఫరు ఎక్కడ అని అడిగాడు."

కొత్త మనిషి గ్లాసు కింద పెట్టాడు.

"ఏడుగురూ వచ్చారా పెద్దాయనా?"

"ఏడుగురూను."

"ఇద్దరమే వచ్చాం."

బాబాయి అతనివైపు తిరిగాడు. మొహాన్ని పోల్చుకోడానికి చూశాడు గానీ పోల్చుకోలేకపోయాడని నాకు అర్థమైంది.

"సీసా ఏమీ లేదు" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "గోడల చెమ్మ నాకాం. మూడో రోజు మిషను మా నెత్తి మీదికే వచ్చింది, మట్టి రాలుతోంది. ఇనప గొట్టంతో బండని కొట్టాం, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం. పైన చప్పుడు ఆగింది. మా మాట అందిందనుకున్నాం. మళ్ళీ మొదలయ్యాక అది దూరంగా జరుగుతోంది. ఆ రోజంతా, మర్నాడంతా, చిన్నదవుతూ పోయింది. అటు ఏమీ దొరక్క మళ్ళీ మా వైపు తెచ్చేసరికి ఇద్దరమే మిగిలాం. ఎవరో ఫోటో తెచ్చాడనీ, దాన్ని చూసి తిప్పారనీ తర్వాత చెప్పారు. ఆ ఎవరో ఎవరన్నది ఇవాళే తెలిసింది."

అక్క పొయ్యి కట్టేసింది.

"నిజంగా ఏం కనిపించింది అందులో?" అని అడిగాడు అతను.

బాబాయి చేతిలో గ్లాసు పక్కన పెట్టాడు. "మచ్చ. ఎర్ర మచ్చ ఒకటి. గడువు దాటిన ఫిల్ములో అలాంటివి వస్తాయి. వస్తాయని నాకు తెలుసు. ఖాయమేనా అని మేనేజరు అడిగాడు. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. ఖాయం అన్నాను."

అతను తల ఊపాడు, అడిగినదానికి జవాబు దొరికినట్టు.

"మా అన్న నా పక్కనే ఉన్నాడు. మిషను దూరమవుతుంటే నేను ఏడ్చాను. అన్న ఊరుకోబెట్టాడు. పైన ఎవరో బాగా తెలిసినవాడే ఉన్నాడ్రా, ఊరికే తిప్పరు, అటువైపునుంచి సులువని తిప్పి ఉంటారు అన్నాడు. పోయేదాకా ఆ మాటే అన్నాడు."

బస్సు వచ్చి ఆగింది. అతను సంచీ భుజానికి తగిలించుకుని ఎక్కి వెళ్ళిపోయాడు.

బాబాయి లేవలేదు. అక్క ఇంకో టీ పెట్టి ఇస్తే ముట్టుకోలేదు. నేను మిషను దగ్గరికి వెళ్ళి జాకెట్టు చేతులు రెండు కుట్టి, మనసాగక మళ్ళీ వచ్చి పక్కన కూర్చున్నాను.

"అయిదుగురు పోయారని నీకు తెలీదా బాబాయ్?"

"తెలీకేం" అన్నాడు. "బయటికి తీశాక, కంపెనీ కాగితాల కోసం వాళ్ళని ఫోటో తీసింది నేనే."

గాట్లున్న వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు.

"వేరే ఫిల్ము లేకపోయింది. దాంతోనే తీశాను. అయిదుగురి మొహాలూ చాలా స్పష్టంగా వచ్చాయి."