కథలో పెద్దమ్మ

హలో… ఆ, నేనేనే నందూ, అమ్మను.

మంచిగ ఏం లేను. నీ కథ చేసిన పనికి ఇల్లంత ఆగమైంది.

అదేనే, మీ యూనివర్సిటీ పుస్తకంల అచ్చయింది… నేనే ఇచ్చిన. నాకు ఇంగ్లీషొస్తదా? పెద్దమ్మ కోడలు యమున చదువుకున్నది గద, జర చదివి చెప్పవే అన్న. అచ్చుల నీ పేరు చూస్తె ఆగబుద్ధి కాలే.

పెద్దమ్మ ముంగటనే! అందరం కూసొని పసుపు కొమ్ములు ఏరుతున్నం. మొత్తం తెలుగుల చెప్పింది. ఒక్క ముక్క ఇడువలే.

కల్పనా?… ఏం కల్పనే? నీ కథల లెక్కనే, పసుపు ఉడకబెట్టే బాయిలర్ పెద్దమ్మది. అందరి వంతు తప్పించి, పుట్టింటోళ్ల పసుపు ముందుగాల ఉడకబెట్టించింది ఆమె. బాయిలర్ కాడ కుర్చేసుకొని, చాయ తాగుకుంట, ఎవ్వల్ని దగ్గరికి రానియ్యంది ఆమె. ఆర్మూర్ల గసోంటోళ్లు ఎంతమందున్నరు?… పేరు మారిస్తె అయిపాయెనా? కుర్చీ మార్చకపోతివి!

పెద్దమ్మ మొత్తం ఇన్నది. లేచి పోయింది. తెల్లారి మన వంతు — బాయిలర్ రాలే. ఫోన్ చేస్తె, "మీకు బాయిలరెందుకు, మీ బిడ్డ రాసిన కథలు ఉడకబెట్టుకోండ్రి" అన్నది.

నవ్వుతున్నవా? తవ్విన పసుపు చేన్ల కుప్పవోసి ఉంది. మొగులు వట్టింది, వానొచ్చేటట్టుంది. భీమ్‌గల్ దాక అడిగినం, సీజన్ల బాయిలర్ ఎవరిస్తరు? కుళ్లిపోతె ఏడాది కష్టం మట్టిపాలు. మీ నాయిన సక్కగ అన్నం గూడ తింటలేడు.

నువ్వే జర మంచిగ మాట్లాడు పెద్దమ్మతోని… పొద్దున మామూలుగనే చేసినవా? ఎత్తలేదా?

ఏందీ… మళ్ల చెప్పు.

కథలు రాసుడు బంద్ వెడ్తవా? ఉత్త లిటరేచర్ చదువుకుంటవా?… నోరు ముయ్యి. లిటరేచరూ రాసుడూ రెండూ కలిసి ఉన్న కోర్సే కావాలె అని మీ నాయినతోని ఎంత కొట్లాడినవ్! ఇంజనీరింగ్ సీటు ఇడిసిపెట్టి పోయినవ్. ఇగ ఇప్పుడు మంది రాసినయి చదువుకుంట కూసుంటవా?

ఏడువకు. హాస్టల్ల అందరు చూస్తరు.

ఇను… ఇనవే! పెద్దమ్మ దగ్గరికి నేను పోత. కథల గా ఆడామె నేనే అని చెప్త. "అక్కా, నా బిడ్డ నామీద కోపంతోని రాసింది, నీమీద గాదు" అంట.

ఎందుకు నమ్మదు? తల్లిని ఆడిపోసుకోని బిడ్డ ఏడనన్న ఉంటదా? ఆమెకు గూడ బిడ్డలున్నరు. నమ్ముతది.

అనుకోనీ. ఊరంత నన్నే గయ్యాళి అనుకోనీ, నాకేంది?

అయినా… ఒకటి అడుగుత చెప్పు. కథల నన్ను ఏడ పెట్టినవే? యమున చివరిదాక చదివింది. మీ నాయినున్నడు, ట్రాక్టరు నడిపేటాయన గూడ ఉన్నడు. నేను జాడనే లేను.

ఏం సారీ… గింత పెద్ద వేషం దొరికినంక ఇడుస్తనా మరి!

మీ నాయిన బండి తీస్తుండు. పెట్టేస్తున్న.