రిసెప్షన్ బల్ల మీదికి మా ఊరి కుండలు

ఈ సభను నడిపిస్తున్న మన కళాశాల ప్రిన్సిపాల్ పద్మలత మేడం గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన రిసార్టు యజమాని శ్యాంసుందర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఈ రోజుతో కొలువు చాలిస్తున్న మా చరిత్ర అధ్యాపకులు వెంకట్రాజం సార్‌కు, హాలు నిండా ఉన్న పాత విద్యార్థులకు, ఆఖరి వరుసలో తలుపు పక్కన కూర్చున్న మా అమ్మ మల్లక్కకు నమస్కారం.

పాత విద్యార్థుల తరఫున నాలుగు మంచి ముక్కలు చెప్పి దిగిపొమ్మని నన్ను పిలిచారు. ఆఫీసు సూపరింటెండెంట్ లింగమూర్తి గారు మెట్ల దగ్గర నన్ను ఆపి, "తిరుమలా, నీ కరపత్రాల ముచ్చట తియ్యకు. సార్ మంచోడు, మంచిగ చెప్పిండు, గంతే. జల్ది దిగు" అన్నారు. సరేనన్నాను. ఆ సరే అన్నది శ్యాంసుందర్ గారి ప్రసంగానికి ముందు. ఆయన మాట్లాడాక నేను రాసుకొచ్చినది జేబులోనే ఉండిపోయింది. (నవ్వులు)

లింగమూర్తి గారు చెప్పారని కాదు, సార్ మంచివారన్నది నిజమే. దసరా సెలవులకు ఊళ్లకు పోయేటప్పుడు మిగతా లెక్చరర్లు చదువుకోమని చెప్పేవారు. సార్ చెప్పేది వేరు. "మీ చెల్క గట్ల మీద, పాత ఊరుండి పాడువడ్డ పాటిగడ్డల మీద, నలుపు ఎరుపు కలిసిన కుండ పెంకులు కనపడ్తయి. ఏరుకొచ్చుడు గాదు. ఎక్కడున్నయో సూసి నాకొచ్చి చెప్పుండ్రి" అనేవారు. ఎవరు వచ్చి చెబితే ఆదివారం వాళ్ల వెంట ఎర్రబస్సెక్కి ఆ ఊరు పోయేవారు. మేం రాకాసి గుళ్లని భయపడి పశువులను కూడా అటు తోలని గుట్టల కింది రాళ్ల వలయాలు సమాధులని, అందులో పడుకున్నది మనలాగే వండుకొని తిన్న మనుషులని, వాళ్లవాళ్లు కడసారి పంపుతూ పక్కన అన్నం కుండ, నీళ్ల కుండ పెట్టారని మాకు చెప్పింది ఆయనే. పొక్లెయిన్లు మొరం తవ్వుకుపోతుంటే ఇక దక్కవు అనుకున్నచోట మాత్రమే తీసి తెచ్చారు. కుండలు, మట్టి ఎద్దులు, చేతి వేలంత అమ్మవారి బొమ్మలు, నున్నగా నూరిన రాతి గొడ్డళ్లు. ఏ ఊరివి ఆ ఊరి పెట్టెలోనే. మార్కెట్ నుంచి తెచ్చిన యాపిల్ పెట్టెలే, వాటి మీద ఎర్ర రంగుతో ఊరి పేరు. పై అంతస్తు గది నిండా అవే.

ఆ గదే మా చదువు. బస్టాండు ముందు పంచే ఉద్యమ కరపత్రాలు చదివి చెడిపోయానని మా బంధువులంటారు. చెడిపోయిన మాట నిజమే అయితే అందులో సగం పాపం ఈ సార్‌దే. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు చాలు. ఆ గది ఇప్పుడు ఖాళీ. పెట్టెలన్నీ కింద గేటు దగ్గర ట్రాలీ ఆటోల్లో ఉన్నాయి. ఈ సభ అయిపోగానే అవి శ్యాంసుందర్ గారి రిసార్టుకు పోతాయి. సార్ ఇచ్చేశారు. ప్రిన్సిపాల్ మేడం గారికి గది కావాలి, కంప్యూటర్లు పెట్టాలి. మేడం, కంప్యూటర్లు వద్దని నేను అనను. ఈ కళాశాలలో ఇంకో గది లేదా? స్టేజీ వెనక, విరిగిన బెంచీలకు తాళం వేసి కాపలా కాస్తున్న గది ఒకటి ఉంది. బెంచీలకు దొరికిన చోటు వీటికి దొరకలేదు.

నిన్న పెట్టెలు మోయడానికి మేమే వచ్చాం. రిసార్టు నుంచి అలంకరణ చేసే అమ్మాయి ఒకామె టేపుతో కొలుచుకుంటూ తిరిగింది. ఆమె తప్పేమీ లేదు, తన పని తాను చేసింది. "పెద్ద కుండలు రిసెప్షన్ బల్ల మీద, నీళ్లు పోసి గులాబీ రేకులు. ఎద్దులు రూముకొకటి. గొడ్డళ్లు బార్ గోడకు" అంది. నేను సార్ ముఖం చూశాను. సార్ పెట్టె మూతలకు మేకులు కొట్టిస్తున్నారు. తల ఎత్తలేదు.

ఆ మాట ఇంటికి పోయి అమ్మకు చెబితే ఆమె నన్ను నమ్మలేదు. "చచ్చినోళ్లకు పెట్టిన కుండలల్ల పూలేసి పెండ్లోళ్లను పిలుస్తరా? సారు గట్ల ఒప్పుకోడు. నీకే ఏదో తప్పు సమజైంది" అంది. అందుకే ఆమె ఈ రోజు పత్తి ఏరే కూలి వదిలేసి పొద్దున రైలెక్కి కాజీపేటలో దిగి వచ్చింది. భోజనాలకు రాలేదు. సార్ నోటి నుంచి వినడానికి వచ్చింది.

మా అమ్మకు అంత పట్టింపు ఎందుకో ఈ సభకు తెలియాలి. నెక్కొండ పక్కన మా చెల్క చివర గుట్ట కింద మొరం తీస్తుంటే రాళ్ల వలయం బయటపడింది. లంకెబిందెలని ఊరంతా ఉరికొచ్చింది. గడ్డపారలతో రెండు కుండలు పగలగొట్టారు. మట్టి తప్ప ఏమీ లేకపోయేసరికి మా ఊరి లచ్చవ్వ, "కాటికి పోయిన కుండ ఇంటికి రావద్దు, దూరం జరుగుండ్రి" అని కేకలేసింది, జనం చెదిరిపోయారు. అమ్మ ఒక్కతే యూరియా సంచి కప్పి అక్కడే కూర్చొని నాకు ఫోన్ చేసింది. నేను సార్‌కు చెప్పాను. సార్ వచ్చి, చెప్పులు గట్టు మీద విడిచి, వట్టి కాళ్లతో ఆ వలయంలోకి దిగారు. అది చూసే అమ్మ ఒప్పుకుంది. "తీస్కపో సారూ. గని ఇవన్ని ఒక్క ఇంటోళ్లయి. ఒక్కతాననే ఉంచు, ఇడదీయకు. మళ్ల ఎవల ఇంట్ల సోకులకు పెట్టకు" అంది. సార్, "నా మాట నమ్ము చెల్లె" అన్నారు.

ఆ మాటకు సాక్షిని నేను.

ఇంక శ్యాంసుందర్ గారి సంగతి. ఆయన ఇందాక ఫోన్ పైకెత్తి మనకొక వీడియో చూపించారు. పెరూ దేశపు పాత కుండ. కొలంబస్ ఆ ఖండానికి పోకముందు ఎప్పుడో చేసింది. నీళ్లు పోసి వంచితే ఈల వేస్తుంది. దానితోపాటు కడుపు మీద చేతులు పెట్టుకున్న ఒక రాతి బొమ్మ. రెండూ విదేశంలో ఏదో షాపులో కొన్నారట. "యాడ దొరికిందంటే ఆ షాపాయన నవ్విండు. ఏ బొందల్నుంచి వస్తే నాకేంది, ఈల కొడ్తాంది గదా. దాని పక్కకే మన సార్ కుండలు పెడ్తా" అన్నారు. మీరంతా నవ్వారు. సార్ కూడా నవ్వారు.

సార్, అక్కడే నాకు కడుపు మండింది. ఆ పెరూ గురించి మాకు చెప్పింది మీరే. అక్కడ దొంగలు రాత్రికి రాత్రి సమాధులు తవ్వి, బొమ్మలను సంచుల్లో వేసి, అమ్ముడుపోని ఎముకలను ఇసుకలో పారేసి పోతారని చెబుతూ డస్టర్‌తో బల్ల మీద కొట్టారు. తెల్ల పొడి మా ముందు వరుస మీద పడింది. "కుండ పగిల్తె అతికిద్దాం. అది కూసున్న జాగ పోతే యాడ తెస్తం?" అన్నారు. ఆ క్లాసు విన్నాకనే నేను కరపత్రాలు చదవడం మొదలుపెట్టాను, పంచడం మొదలుపెట్టాను, రెండుసార్లు పోలీసు స్టేషన్‌లో కూర్చున్నాను. మీరేమో ఆ దొంగసొమ్ము పక్కన మన వస్తువులను కూర్చోబెట్టి నవ్వుతున్నారు.

(పక్క నుంచి లింగమూర్తి గారు: "తమ్మీ, సన్మానం జెయ్యమంటే పంచాయితి పెడ్తానవేంది?")

అవును, పంచాయితీయే. శ్యాంసుందర్ గారు ఏదో అంటున్నారు. మైకు ఇస్తాను, తీసుకోండి.

(శ్యాంసుందర్ గారు: "నేను దొంగతనం జెయ్యలే తమ్ముడూ. సార్ ఇస్తనన్నడు, తీస్కున్న. గాలికి వానకు నాశనమయ్యేటియి, నా దగ్గర అద్దాలల్ల ఉంటయి.")

దొంగతనం అని మన పెట్టెల విషయంలో నేను అనలేదండీ. మీ ఈల కుండ ఊరివాళ్లు ఈ హాలులో లేరు కాబట్టి దాని తగాదా ఈ పూటకు వదిలేస్తున్నాను. మన పెట్టెల ఊళ్లవాళ్లు మాత్రం ఉన్నారు. పాతవి దొరికితే సర్కారుకు తెలియాలి, ఎవరి దగ్గర ఏముందో రాయించాలి అని చట్టం చెబుతోంది. అది కూడా కరపత్రంలోనే చదివాను, నవ్వుకోండి. వెంకట్రాజం సార్, మీరు జవాబు చెప్పాలి. నాకు కాదు. ఆ ఆఖరి వరుసకు.

(వెంకట్రాజం సార్ లేచి: "తిరుమలా, నాకిగ ఓపిక లేదురా. బిడ్డ ఇంట్ల రెండే గదులు. నా తర్వాత వీటిని ఎవలు సూస్తరు? ఈయన అద్దాల బీరువా చేపిస్తా, పైన నా పేరు రాపిస్తా అన్నడు. ఆశ పడ్డ. మల్లక్కా, నీకిచ్చిన మాట తప్పిన. మీ ఊరి పెట్టె మీరు తీస్కపోండ్రి.")

సార్, పేరు కోసమా? మీ పేరు రాయడానికి బీరువా కావాలా? ఈ హాలులో ఎవరిని లేపి అడిగినా, పెంకు చూడగానే మీరు గుర్తొస్తారంటారు. అది చాలలేదా మీకు? మీరు అడిగి ఉంటే మేం ఊరికొక గది వెతికేవాళ్లం. మాలో ఒక్కరిని అడగలేదు. రిసార్టు ఆయన్ను అడిగారు. నాకు ఏడుపు వచ్చేటట్టుంది, అందుకని ఇంకా గట్టిగా మాట్లాడుతున్నాను, క్షమించండి.

అమ్మ లేచింది. అమ్మా, అక్కడి నుంచే చెప్పు, వినబడుతుంది.

(మల్లక్క: "మాది మేం తీస్కపోతం సారూ, తీస్కపోకుంట ఎట్ల. గని మాదొక్కటి తీస్కపోయి ఇంట్ల నిద్రపోవాల్నా? కడమ పెట్టెలు ఎవలయి? ఆళ్లకు గూడ మాటిచ్చే ఉంటవు గదా.")

సార్ తల ఊపుతున్నారు. ఇచ్చారట.

అయితే నా ఒక్క పెట్టెతో నేను చల్లబడను. తొర్రూరు దిక్కు పెట్టె ఎవరి చెల్కలోది? లావణ్యా, నువ్వే కదా సార్‌ను మీ పాటిగడ్డకు తీసుకుపోయింది? లే. బడి పంతులమ్మవయ్యావు, మీ బడిలో ఒక బీరువా దొరకదా? లేచింది, చూడండి. ఇంకా ఎవరు? వెనక నలుగురు లేచారు. అటు గోడ దగ్గర ముగ్గురు. కూర్చున్నవాళ్లలో చాలామందికి ఊరు గుర్తుంది, శ్యాంసుందర్ గారి ముఖం చూసి మొహమాటపడుతున్నారు. మొహమాటం రేపు పడండి. ఊరి పెట్టె ఊరికి పోవాలి, పంచాయతీ గదిలోనో బడిలోనో అన్నీ ఒక్కచోటే ఉండాలి, అధికారులు వచ్చి రాసుకోవాలి. అడిగేవాళ్లు రాని పెట్టెలను మేం ఈ స్టేజీ వెనక గదిలో పెడతాం. బెంచీలను వరండాలో వేస్తాం. పద్మలత మేడం, తాళం చెవి ఇప్పించండి. కాదంటే ఇప్పుడే, ఈ మైకులోనే కాదనండి.

(పద్మలత మేడం లింగమూర్తి గారి వైపు చూసి తల ఊపారు.)

సంతోషం. నన్ను పిలిచి మైకు ఇచ్చినందుకు మేడం గారికి, కోపం ఆపుకొని విన్నందుకు శ్యాంసుందర్ గారికి, ఆపకుండా ఆపినట్టు నటించిన లింగమూర్తి గారికి కృతజ్ఞతలు. (నవ్వులు)

సార్, మీరు కూర్చోవద్దు, కిందికి రండి. ఏ పెట్టెలో ఏది పలచనిదో, దేన్ని ఏ వైపు పట్టుకొని ఎత్తాలో మీకే తెలుసు. మీరు లేకుండా మేం దింపితే పగులుతాయి. నా కోపం పోలేదు, ఇప్పట్లో పోదు కూడా. అయినా రండి.

సెలవు.