నేలమాళిగ దిగిన కటింగ్ మాస్టర్

"ఈ భూమ్మీద డ్రాగన్‌ని ఒంటిచేత్తో చంపిన దర్జీ ఎవడైనా ఉన్నాడంటే అది నేనే!" అన్నాడు కటింగ్ మాస్టర్, టీ గ్లాసు జెండాలా పైకెత్తి. ఎత్తిన గ్లాసు దించేలోపే సర్దుకున్నాడు. "భూమ్మీదంటే మరీ భూమ్మీద కాదనుకోండి, కంప్యూటర్లో. ఒంటిచేత్తో ఎందుకంటే రెండో చేతిలో మౌస్ ఉండిపోయింది."

కుట్టుషాపు మెట్ల మీద సాయంత్రం టీ. పై మెట్టు మీద షాపు నడిపే వదిన, మాస్టర్ అన్నగారి భార్య. కింది మెట్టు మీద ఇస్త్రీ తాత. పక్కనే మాస్టర్ అక్క కూతురు, కాలేజీ సెలవులని గుండీలు కుట్టడానికి వస్తోంది. డ్రాగన్లూ రాక్షసులూ ఉండే ఆ ఆట తెచ్చి షాపు కంప్యూటర్లో వేసింది ఈ పిల్లే. చొక్కాల డిజైన్లు గీసుకోవాల్సిన ఆ కంప్యూటర్ ముందు మామయ్య పదహారు రోజులుగా తిండి తిప్పలు మాని కూర్చుంటున్నాడంటే, ఆ పాపంలో సగం తనదేనని దానికీ తెలుసు.

పొద్దున వదిన తేల్చి చెప్పేసింది. "మరిదీ, స్కూలు చొక్కాలు యాభై కత్తిరించకుండా పడున్నాయి. సాయంత్రం టీ అయ్యేలోపు ఆ ఆటలో మొదటి గండం దాటానని నన్ను నమ్మించు. నమ్మితే భోజనం వేళ గంటసేపు ఆడుకో. లేదంటే నా చేత్తో నేనే పీకి పారేస్తా."

అందుకే ఈ డ్రాగన్.

"మొదట్నుంచీ చెప్పు మాస్టరూ," అన్నాడు తాత, గ్లాసులోకి ఊదుకుంటూ.

"అదే చెప్తున్నా. ఈ ఆటల సంగతి మీకు తెలీదు తాతా. చివర్లో వచ్చే రాక్షసరాజుని ఎవడైనా చంపుతాడు. అప్పటికి వాడి ఒంటినిండా ఉక్కు కవచం, చేతిలో నిప్పులు కక్కే కత్తి, వెనకాల నలుగురు మంత్రగాళ్లు. గొప్పంతా మొదట్లోనే ఉంది. మొదట్లో నీకేముంటుంది? చేతిలో చీపురుపుల్లంత కర్ర, ఒంటిమీద గోనెగుడ్డ. నాలుగు చుక్కల ప్రాణం, తుమ్మితే అందులో ఒకటి పోతుంది. ఆ అవతారంతో నిన్ను సత్రం నేలమాళిగలోకి దిగమంటారు. ఎందుకు? అక్కడో ఎలుకుంది, దాన్ని చంపాలి!"

"ఎలుకేగా," అంది వదిన.

"ఎలుకేగా అంటావేంటి వదినా! మన కుట్టుమిషనంత ఎలుక!"

"మొన్న పిల్లి అంత అన్నావు," అన్నాడు తాత.

"మొన్న దానికి ఆకలి. నేను దిగేసరికి పిల్లిని తినేసి కూర్చుంది."

మేనకోడలు నవ్వాపుకోవడానికి సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. సూదిలో దారం ముందే ఉంది.

"దిగానా, చీకటి. మెట్లు పదమూడు. పన్నెండో మెట్టు దగ్గరే ఎలుక నన్ను చూసింది, నేనూ దాన్ని చూశా. ఇంకొకడైతే వెనక్కి తిరిగేవాడు. నేనేం చేశానో తెలుసా? టేపు తీశా! శత్రువు కొలతలు తీసుకోకుండా కత్తెర పెట్టడం నా చరిత్రలో లేదు. ఛాతీ నలభై నాలుగు, మెడ పంతొమ్మిది, నోరు... నోరు కొలిచేటప్పుడు టేపు చాలలేదు తాతా, ఇంకో టేపు ముడేశా. సరే, నోరు పెద్దదైతే కుట్లు ఎక్కువ పడతాయి, అంతేగా? సూది తీసి ఈ మూల నుంచి ఆ మూలకి డబుల్ కుట్టు వేసేశా. ఎలుక 'కీచ్' అందామనుకుంది, ఏం లాభం, అనడానికి సందుండాలిగా!"

"అయితే ఎలుక చచ్చినట్టేగా," అంది వదిన, గ్లాసులో ఇంకా ఎంత టీ ఉందో చూసుకుంటూ.

గ్లాసులో అడుగంటిన టీ కనబడేసరికి మాస్టర్ గొంతు పెంచాడు. "ఒక్క ఎలుకైతే నేను మీకు చెప్తానా? దాని మేనమామలు వచ్చారు. పినతండ్రులు వచ్చారు. అత్తవారి వైపు నుంచి నలభై మంది దిగారు, ఒక్కొక్కటీ మన ఇస్త్రీ బల్లంత. నేను తొణకలా. ఒక్కో తోకకీ కాజా తీశా, పక్కదాని తోక అందులో దూర్చా. నలభై ఎలుకలూ ఒకే దండ! ఆ దండ పట్టుకుని లాగానా, సత్రం పునాది కదిలింది. పునాది కదిలితే కిందున్నది ఊరుకుంటుందా?"

"కిందేముంది?"

"డ్రాగన్! మూడొందల ఏళ్లుగా నిద్రపోతోంది. ఆవలించింది తాతా, ఆ ఆవలింతకి నా గోనెగుడ్డ అంటుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని నాలుక మీదే నిలబడి, నా దగ్గరున్న పెద్ద కత్తెరతో మెడ దగ్గర కాలర్ షేపులో ఒక్కటే కోత! గుండ్రంగా, ఒక్క పోగు లేవకుండా. రాజుగారు పరిగెత్తుకొచ్చి సగం రాజ్యం తీసుకోమన్నాడు. నేనేమన్నాను? 'అయ్యా, మా వదిన దగ్గర స్కూలు చొక్కాలు పెండింగులో ఉన్నాయి, రాజ్యాలు ఏలుకునే తీరికెక్కడిది' అన్నా."

"తీరిక లేనట్టే కనిపిస్తున్నావు," అంది వదిన.

"అంతటితో ఆగిందా? నిన్న మధ్యాహ్నం ఆట తయారుచేసిన కంపెనీవాళ్లు స్వయంగా ఫోన్ చేశారు. 'మాస్టరుగారూ, దయచేసి కాస్త నెమ్మదిగా ఆడండి. మా దగ్గర రాక్షసులు అయిపోతున్నారు. కొత్తవాళ్లని తయారుచెయ్యడానికి రాత్రింబవళ్లు మనుషుల్ని పెట్టినా మీ చేతికి చాలడం లేదు' అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు!"

"ఫోన్లో కళ్లనీళ్లు ఎలా కనిపించాయి?" అడిగాడు తాత.

"తడి గొంతు తాతా. మనకి తెలీదా."

వదిన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది. లేచి లోపలికి నడిచింది. మాస్టర్ రెండంగల్లో ఆవిడ ముందుకెళ్లి తెరకి అడ్డంగా నిలబడ్డాడు. "ఇప్పుడొద్దు వదినా, కంప్యూటర్ వేడెక్కి ఉంది."

"పొద్దుట్నుంచీ నువ్వు ఆన్ చెయ్యలేదుగా మామయ్యా," అంది మేనకోడలు, వెనకాలే వచ్చి, చాలా అమాయకంగా.

మాస్టర్ దానివైపు చూసిన చూపులో 'నువ్వు కూడానా' అని ఉంది. పిల్లకి ఒక్క క్షణం జాలేసింది. మామయ్య ఏ పనీ వారం దాటి పట్టుకున్న మనిషి కాదు. వేణువు అన్నాడు, మూడు రోజులు. ఈత అన్నాడు, నీళ్లు చల్లగా ఉన్నాయన్నాడు. దీన్ని మాత్రం పదహారు రోజులు విడవలేదు. అయినా చేతి దురద ఆగుతుందా? చెయ్యి చాపి కంప్యూటర్ ఆన్ చేసి ఆట తెరిచింది.

మామయ్య సేవ్ చేసి ఉంచుకున్న ఆట వివరాలు తెర మీదికొచ్చాయి. వదిన కళ్లద్దాలు సవరించుకుని పైకే చదివింది. "స్థాయి: ఒకటి. ఉన్న చోటు: సత్రం పెరడు. మరణాలు: మూడువందల పన్నెండు."



"పెరడేంటి?" అన్నాడు తాత గుమ్మంలోంచి. "నేలమాళిగ ఏమైంది?"

"పెరడు దాటితేనే నేలమాళిగ తాతా," అంది పిల్ల. "అంటే మామయ్య ఇంకా ఎలుక మొహమే చూడలేదు."

వదిన చెయ్యి మౌస్ మీదికి వెళ్లింది. మాస్టర్ ఆ చేతికి అడ్డం పడలేదు. కానీ అతని మొహంలోంచి కోతలన్నీ దిగిపోయి, మొండితనం ఒక్కటే మిగిలింది. "పీకెయ్ వదినా, నీ షాపు నీ ఇష్టం. కానీ ఇంటికెళ్లి ఎవరిదైనా కంప్యూటర్ అడుక్కుని మళ్లీ మొదలుపెడతా. ఆ పెరడు దాటకుండా మాత్రం వదల్ను."

"మూడొందల పన్నెండు సార్లు చచ్చి మళ్లీ లేచాడమ్మా," అన్నాడు తాత మెల్లిగా. "మాటల్లో కాదు, లెక్క తెర మీదే ఉంది."

వదిన మౌస్ మీద వేలు అలాగే ఉంచి ఆలోచించింది. "సరే. డ్రాగన్లూ రాజులూ వద్దు. ఒక్క నిజం చెప్పు. ఆట ఉంచుతా."

మాస్టర్ తెర వైపు వేలు చూపించాడు. "నన్ను చంపుతున్నది కోడి."

"కోడా!"

"పెరట్లో గింజలు ఏరుకునే కోడి. మొదటిరోజే కర్ర ఎలా తిప్పాలో చూద్దామని పొరపాట్న దానికి తగిలించా. వెంటనే ఆట సేవ్ కూడా చేసేశా. అప్పట్నుంచి ఎప్పుడు లేచినా అది కోపంగానే ఉంటుంది."

మేనకోడలు ఇక ఆగలేకపోయింది, గుండీల డబ్బా పట్టుకుని నేలమీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే అడిగింది. "కానీ మామయ్యా, కోడిని రెండు దెబ్బల్లో కొట్టెయ్యొచ్చుగా! మొదట్లో ఇరవై పాయింట్లు ఇస్తారు. బలానికో వేగానికో పెట్టుకోమంటారు. నువ్వు దేనికి పెట్టావు?"

మాస్టర్ టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు.

"చెప్పు మరిదీ," అంది వదిన. ఆవిడ వేలు ఇంకా మౌస్ మీదే ఉంది.

"దేనికీ పెట్టలేదు," అన్నాడు మాస్టర్, చాలా చిన్న గొంతుతో. "ఇరవైకి ఇరవై అలాగే దాచా. పెరిగే పిల్లాడికి చొక్కా కుట్టేటప్పుడు లోపల రెండంగుళాల గుడ్డ వదిలిపెడతాం కదా వదినా, రేపు పొడుగైతే విప్పుకోవచ్చని... అలాగనుకున్నా."