ముందు బ్రేకు

ఇంటి వెనక షెడ్డులో కూతురు పాత స్కూటర్ ముందు చక్రానికి కొత్త డిస్క్ బ్రేకు బిగిస్తోంది. తండ్రి స్టూలు మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకున్నాడు.

“లివర్ ఇంకా మెత్తగానే ఉంది నాన్నా, బ్రేకు నూనె పైపులో గాలుంది. నొక్కి పట్టుకో.”

“పట్టుకున్నా.”

“రంగు, సీటు, లైటు అన్నీ పాతవే ఉండాలని నా ప్రాణం తోడేశావు. బ్రేకు దగ్గర మాత్రం మనసెందుకు మారింది?”

“పాతది సరిగ్గా పట్టేది కాదే.”

“మరి ఇన్నేళ్ళూ బండి ఎలా ఆగింది?”

“మలుపు రాగానే మీ అమ్మ వెనకనుంచి కాలు కిందకి ఆనించేది. ఎప్పుడూ ఎడమ కాలి చెప్పే ముందు అరిగేది.”

“అమ్మ కాలితో ఆపేదా?”

“నవ్వకు. ఇకనైనా ఆ తిప్పలు తప్పిద్దామని.”

సాయంత్రం తల్లిదండ్రులిద్దరినీ బండి మీద ఒక చుట్టు తిరిగి రమ్మని పంపింది. రాగానే తల్లి మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

“బ్రేకు పట్టలేదా నాన్నా?”

“భేషుగ్గా పట్టింది. మీ అమ్మ కాలు దించేలోపే బండి ఆగిపోయింది. ‘ఇన్నాళ్ళూ ఆపింది నేను, ఇప్పుడీ రేకుబిళ్ళ ఎక్కువైందా?’ అంటోంది.”

“అయితే ఇప్పుడేం చేద్దాం?”

“నువ్వేం చెయ్యకు. రేపట్నుంచి నేనే కాస్త ఆలస్యంగా నొక్కుతాలే.”